కళ్లు తెరవని ఇత్తడి ముఖంతో పాండవుల గుట్ట దాకా

ఈ దసరా సెలవుల్లో ఓరుగల్లు వైపు గుళ్లు చూసి వస్తానంటే మా ఇంట్లో వద్దనని మనిషి లేడు. అటు సమ్మె జరుగుతోంది, బస్సుల్లేవు, రైళ్లు ఎప్పుడు ఆగుతాయో తెలియదు, పైగా నువ్వు నోరు తెరిస్తే చాలు మనది ఏ వైపో తెలిసిపోతుంది అన్నారు. మాది తెనాలి దాటాక వచ్చే చిన్న ఊరు. అక్కడి హైస్కూల్లో సోషల్ చెప్తాను. కాకతీయుల చెరువులనీ గుళ్లనీ ఏళ్ల తరబడి నల్లబల్ల మీద గీసి పిల్లలకు చూపించానే గానీ, ఒక్కటీ నేను కళ్లారా చూసింది లేదు. వద్దన్న పని చేసి తీరాలనిపించే జబ్బు కూడా నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. వెళ్లాను, తిరిగొచ్చి కొద్ది రోజులే అయింది. గుళ్ల గురించి రాద్దామనే కూర్చున్నాను గానీ, ఒక ఇత్తడి ముఖం గురించి చెప్పకుండా ఆ గుళ్ల గురించి చెప్పడం నావల్ల కావడం లేదు.

పెంబర్తి

జనగామలో రైలు దిగేసరికి బస్టాండు బోసిపోయి ఉంది. డిపో గేటుకు తాళం వేసి, దాని ముందు టెంటు కింద కార్మికులు కూర్చున్నారు. ఒకతను డప్పు కొడుతుంటే మిగతావాళ్లు పాట అందుకుంటున్నారు. ప్రత్యేక రాష్ట్రం కోసం చేస్తున్న ఈ సకల జనుల సమ్మె అంటే ఏమిటో పేపర్లో చదవడం వేరు, ఆ నిశ్శబ్దమైన బస్టాండులో నిలబడటం వేరు. స్టేషను బయట ఒక జీపు దొరికింది. డ్రైవరు పేరు యాకయ్య. ముప్పై దాటిన మనిషి, తొర్రూరు పక్క పల్లెటూరు. నేను చూడాలనుకున్న ఊళ్ల పేర్లు విన్నాడు, నా మాట తీరు కూడా విన్నాడు, కాసేపు తల గోక్కున్నాడు.

“తోల్కపోత మేడం. గని ఒక్క మాట. తొవ్వల ఎవలన్న ఆపితే మీరు మాట్లాడకుండ్రి. నేను మాట్లాడుత.”

నన్ను మాట్లాడొద్దన్న మనుషులతో నాకు పొసగదు. అయితే వేరే బండి లేదు కాబట్టి ఎక్కి కూర్చున్నాను.

ముందు పెంబర్తి వెళ్లాం. జనగామ నుంచి హైదరాబాదు రోడ్డు మీద కాస్త దూరం. వీధిలోకి మళ్లగానే రేకు మీద సుత్తి దెబ్బలు వినిపిస్తాయి. గుళ్ల తలుపులకు వేసే తొడుగులు, ధ్వజస్తంభాల రేకులు, దేవుళ్ల ముఖాలు ఇక్కడ చేస్తారు. లక్క, ఇటుక పొడి, నూనె కలిపిన దిమ్మ మీద రేకు పరిచి, వెనక నుంచి కొట్టి ఉబ్బించి, మళ్లీ ముందు నుంచి చెక్కి గీతలు తేలుస్తారు. మా వైపు ఇత్తడి అంటే బిందెలూ చెంబులే. పలచటి రేకులోంచి ముక్కూ పెదవీ లేచి రావడం నేను అక్కడే చూశాను.

ఒక అరుగు మీద అరవై దాటిన పెద్దాయన, తువ్వాలలో చుట్టిన మూట ఒళ్లో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. పేరు సోమాచారి. మా జీపు ఎక్కడిదాకా అని అడిగాడు. గణపురం గుళ్లు, పాండవుల గుట్ట అని యాకయ్య చెప్పాడు, టీచర్నని నేను చెప్పాను.

“నా పని గూడ గా గుట్ట పక్క ఊర్లనే నాయినా. జర నన్ను ఎక్కించుకోండ్రి. బస్సులు లేవాయె. ఎల్లుండి పొద్దెక్కేటాల్లకు నేనాడ లేకుంటే ఒక తల్లికి మాట తప్పినోన్నయిత.”

అని మూట విప్పాడు. లోపల ఇత్తడితో చేసిన ఒక కుర్రవాడి ముఖం ఉంది. చిన్న మీసం, కాస్త ముందుకొచ్చిన పైపెదవి, పక్కకు దువ్విన జుట్టు. కళ్లు మాత్రం లేవు. కళ్లుండే చోట రెండు నున్నటి ఉబ్బులు ఉన్నాయంతే.

ఆ కుర్రవాడి పేరు సంపత్. డిగ్రీ చదువుతూ, రాష్ట్రం రావాలంటూ పోయినేడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. తండ్రి ముందే లేడు. తల్లి కొమురమ్మ పత్తి చేలల్లో కూలికి పోతుంది. ఊళ్లో కుర్రాళ్లు ఒక కమిటీ పెట్టుకుని నాలుగు రోడ్ల దగ్గర స్తూపం కట్టారు. ఎల్లుండి సంవత్సరీకం రోజున ఈ ముఖం దానికి బిగించాలి. ఇత్తడి కొనలేదు. కొమురమ్మ తన నీళ్ల బిందె పంపింది, దీంతోనే చెయ్యమంది. సోమాచారి ఆ బిందెను కోసి, కాల్చి, సాపు చేసి ముఖం లేపాడు.

“మరి కళ్లు?” అని అడిగాను.

జేబులోంచి ఫొటో తీసి ఇచ్చాడు. కాలేజీ పిల్లలు వరసగా నిలబడి దిగింది. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు, సంపత్ ఒక్కడు కళ్లు మూసుకున్నాడు.

“ఇంకోటి లేదా అని అడిగిన. ఉన్నయట. అన్నిట్ల గిట్లనే మూసుకున్నడట. నేను వాని కండ్లు చూడకపోతి టీచరమ్మా, ఎట్ల చెక్కాలె?”

దేవుడి ముఖమైనా కళ్లు ఇంటి దగ్గర చెక్కరట. నిలబెట్టే చోటే, అన్నిటికన్నా చివర చెక్కుతారు. తొలిచూపు మనిషి మీద పడకూడదని ఎదురుగా అద్దం పెడతారు, చెక్కేవాడు పక్కకు కూర్చుంటాడు. మా ఊరి గుడి ప్రతిష్ఠలో నేనూ ఆ అద్దం చూశాను, ఎందుకో అప్పుడు అడగలేదు. ఉబ్బించిన చోట రేకు పలచబడి ఉంటుంది కాబట్టి కనుపాప ఒకసారి పడిందంటే దిద్దే వీలుండదు. ఇంతలో ఆయన ఫోను మోగింది. కమిటీ కుర్రాడు ఎవరో, కళ్లు పెద్దగా, ఉరిమి చూస్తున్నట్టు ఉండాలని గట్టిగా చెప్పడం నాకూ వినిపించింది.

“నాకు వచ్చింది గసొంటి కండ్లే,” అన్నాడు ఫోను పెట్టేసి. “వీరభద్రునివి, నర్సింహస్వామివి. మనిషి కండ్లు ఇంతవరకు చెక్కలే. ఎల్లుండి గా తల్లి చూసి, వీడు నా కొడుకు గాదు అంటే నేనేం జెయ్యాలె?”

జీపులో ముందు సీటు ఆయనకు ఇచ్చాను.

పాలకుర్తి

పాలకుర్తి గుట్ట మీద పక్కపక్క గుహల్లో సోమేశ్వరుడూ నరసింహస్వామీ ఉన్నారు. మా వైపు శివుడికొక వీధి, విష్ణువుకొక వీధి. ఇక్కడ ఇద్దరూ ఒకే బండ కింద కాపురం పెట్టారు. ప్రదక్షిణ దారి రాళ్ల మధ్య నుంచి పోతుంది, కొన్ని చోట్ల పక్కకు తిరిగితే గానీ మనిషి పట్టడు. సోమాచారికి ఈ దేవుడి పేరే పెట్టారు. మోకాళ్ల నొప్పి, చక్కెర జబ్బు, మెట్లు పెట్టించిన వాళ్ల తెలివితక్కువతనం, అన్నిటినీ తిట్టుకుంటూనే ఆయన పైదాకా ఎక్కాడు. మూటను జీపులో వదలమని యాకయ్య చెప్పినా వినలేదు, చంకలో పెట్టుకునే ఎక్కాడు.

గర్భగుడిలో నరసింహస్వామి వెండి కళ్ల వైపు చాలాసేపు చూశాడు. “గిట్లాంటియి చెక్కుమంటే ఇప్పుడే కూసుండి చెక్కుత,” అన్నాడు నాతో మెల్లగా. పైనుంచి చూస్తే పత్తి చేలు, తాటిచెట్లు, వానలకు నిండిన చెరువులు కనిపించాయి. మా కాలవల కింద చేలు గళ్లచీర మడత విప్పినట్టు ఒక్క తీరున ఉంటాయి. ఇక్కడ నేల ఎత్తుపల్లాలతో ఉంది, ప్రతి పల్లంలోనూ ఎవరో ఎప్పుడో ఒక కట్ట వేసి నీళ్లు ఆపుకున్నారు. పుస్తకంలో ఒక్క వాక్యంగా చెప్పి దాటేసే సంగతి ఇదేనని, ఆ గట్ల మీద మట్టి ఎంతమంది మోశారో ఎప్పుడూ ఆలోచించలేదని అనిపించింది.

రోడ్డు మీద భోజనం

తొర్రూరు దగ్గరపడుతుండగా రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు కనిపించాయి. వంటావార్పు అంటారు దీన్ని. ఊరంతా రోడ్డు మీదికి వచ్చి, అక్కడే వండి, ఆగిపోయిన బళ్లవాళ్లకు కూడా పెట్టి, తామూ తింటారు. అలా రోడ్డు దిగ్బంధం చేస్తారు. నిరసనలో భాగంగా దారి ఆపి, ఆపినవాళ్లకే అన్నం పెట్టడం నేనెక్కడా వినలేదు. యాకయ్య నన్ను చూపించి, నా యాసకు ఆ జిల్లా అయితే సరిపోతుందని “ఖమ్మం మేడం” అని చెప్పేశాడు. ఒక పెద్దామె నా చేతికి కత్తిపీట ఇచ్చి, ముందు వంకాయల బుట్ట పెట్టింది.

“ఖమ్మంల ఏడ బిడ్డా మీది?”

“ఖమ్మం కాదండీ. మాది తెనాలి పక్కన,” అన్నాను. నా ఊరిని నేను దాచుకోవడానికి మనసొప్పలేదు. యాకయ్య మొహం వాడిపోయింది.

చుట్టూ మాటలు ఆగాయి. కట్టెలు ఎగదోస్తున్న ఒక కుర్రాడు లేచి వచ్చాడు. “మా నీళ్లు మీకు, మా కొలువులు మీకు. సినిమాలల్ల మా మాటను నవ్వులాట పట్టిస్తిరి. ఇప్పుడు గుళ్లు చూడనీకి వచ్చినవా అక్కా?” అని అడిగాడు. గొంతు పెంచలేదు, అందుకే ఎక్కువ తగిలింది. నేను తల వంచుకుని వంకాయ కోస్తూనే ఉన్నాను. ఆ పెద్దామె మాత్రం నా చేతిలో వంకాయ వైపే చూస్తోంది.

“తెనాలోల్లు వంకాయ కోసి నీళ్లల్ల వెయ్యరా? నల్లగయితయి గద. ఎయ్యి, ఎయ్యి.”

ఎవరో నవ్వారు. నేను ముక్కలు నీళ్లలో వేశాను. మోదుగాకు విస్తట్లో అన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు పెట్టారు. మేం చింతపండు పులుసు కాచకుండా ముట్టం. వీళ్లు పచ్చిగానే పిండి, ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి వేస్తారు. ఎండలో ఆ పులుసు గొంతు దిగుతుంటే ప్రాణం లేచి వచ్చింది. రెండోసారి అన్నం వడ్డించింది ఆ కుర్రాడే. నా వైపు చూడలేదు, కానీ విస్తరి నిండా పెట్టాడు.

సాయంత్రం దాకా బళ్లు వదిలేది లేదన్నారు. సోమాచారి లేచి మూట విప్పి ముఖం చూపించాడు. ఎవరిది, ఏ ఊరిది అని అడిగి తెలుసుకున్నారు. పక్కన కొడుతున్న డప్పు ఆగింది. మగవాళ్లు తలపాగాలు తీశారు. పొయ్యిరాళ్లు పక్కకు జరిపి మా జీపు పోయేంత దారి ఇచ్చారు. మేం దాటాక వెనక్కి చూస్తే రాళ్లు మళ్లీ యథాస్థానంలో పెడుతున్నారు.

అన్నారం దర్గా

“నా పేరు ఈడిదే మేడం,” అన్నాడు యాకయ్య అన్నారం దర్గా ముందు జీపు ఆపి. ఈ చుట్టుపక్కల హిందువుల ఇళ్లల్లో యాకయ్యలు, యాకమ్మలు ఎందరో ఉన్నారు. బిడ్డలు నిలవకపోతే ఈ దర్గాకు మొక్కుకుంటారు, పుడితే అక్కడ సమాధి అయిన బాబా పేరే పెడతారు. మొక్కు తీరాక ఇక్కడికొచ్చి మేకను కోసి వండి, నలుగురికీ పెడతారు. దాన్ని కందూరు అంటారు. చెట్ల కింద అలాంటి పొయ్యిలు నాలుగైదు మండుతున్నాయి. ఏ పొయ్యి ఎవరిదో బొట్టు చూసి చెప్పాల్సిందే గానీ వంట వాసన చూసి చెప్పలేం.

పూలమ్మే ముసలామె ఒకతె సోమాచారి ఒళ్లో మూట చూసి అడిగింది. చూపించాడు. ఆమె కాసేపు చూసి “కిత్తా ఉమర్ థా?” అంది. ఎంత వయసని. ఇరవై దాటిందని యాకయ్య చెప్పాడు. ఆమె రెండు చేతులూ చాచి “అల్లా మా కూ సబర్ దేవే,” అంది. ఆ తల్లికి ఓర్పు ఇవ్వమని దేవుణ్ని అడిగింది. ముఖం మీద నాలుగు గులాబీ రేకులు వేసి, డబ్బులిస్తే తీసుకోలేదు.

మానుకోట

మహబూబాబాదును ఇక్కడివాళ్లు మానుకోట అనే అంటారు. స్టేషను పక్క లాడ్జిలో దిగాం. కరెంటు పోవడం, రావడం దాని ఇష్టం. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉన్నాయి మరి. బజారులో ఒకామె మక్కగారెలు వేస్తోంది. గారె అంటే మినపగారె అని పెరిగినదాన్ని, మక్కజొన్న గింజలు కచ్చాపచ్చాగా రుబ్బి, జీలకర్రా వెల్లుల్లీ దంచి వేసిన ఆ గారె చూసి ముందు పెదవి విరిచాను. పది రూపాయలకు నాలుగిచ్చింది. తిన్నాక ఇంకో పది రూపాయలు ఇచ్చాను. సోమాచారి చక్కెర జబ్బు సంగతి మరిచి, పక్క దుకాణంలో జిలేబీ తింటూ దొరికిపోయాడు. నేను కోప్పడితే “కండ్లు చెక్కేదాక సావనులే” అన్నాడు. ఆ మాట ఆయనకూ నచ్చలేదు, మిగిలిన జిలేబీ అక్కడే పెట్టేశాడు.

భీముని పాదం

మర్నాడు గూడూరు దాటి అడవిదారి పట్టాం. భీముని పాదం అనే జలపాతం అక్కడ ఉంది. పైనుంచి నీళ్లు పడే చోట బండ పాదం ఆకారంలో గుంట పడింది, భీముడు అడుగు పెట్టాడని చెప్తారు. చుట్టూ గుండ్రంగా నల్లటి రాతిగోడ, దాని మీద నుంచి వాననీళ్లు తెల్లగా దూకుతున్నాయి. మాది కాలవల దేశం, నీళ్లు చప్పుడు చేయకుండా పోతాయి. ఇక్కడ పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సి వచ్చింది. పిల్లలకు చూపించాల్సిన చోటు ఇది. వెళ్లేవాళ్లు వానలు వెలిశాక, నీళ్లు తగ్గకముందే వెళ్లండి.

నాచు మీద కాలు జారి గుంట అంచున కూలబడ్డాను. దెబ్బ తగల్లేదు గానీ ఎడమ చెప్పు నీళ్లలో పోయింది. యాకయ్య దిగబోతే వద్దన్నాను. మిగిలిన చెప్పు చేతిలో పట్టుకుని వస్తుంటే సోమాచారి మొదటిసారి నవ్వాడు. ఆ తర్వాత నీళ్ల హోరుకు కాస్త దూరంగా వచ్చి కూర్చున్నాడు.

“నాక్కూడ ఇద్దరు కొడుకులు టీచరమ్మా. గీ పోరని ముఖం కొట్టేటప్పుడు దెబ్బ గట్టిగ పడకపోయేది. చెయ్యి ఆగేది.”

వెళ్లి పక్కన కూర్చున్నాను. అక్కణ్నుంచి వెళ్తూ నర్సంపేటలో రబ్బరు చెప్పులు కొనుక్కున్నాను, అవి నా కాళ్లకు పెద్దవయ్యాయి.

గణపురం కోటగుళ్లు

పెద్దగుడి ఒకటి, చుట్టూ చిన్నగుళ్లు అనేకం, అన్నిటికీ కలిపి ప్రాకారం. దాన్ని చూడ్డానికే నేను బయల్దేరింది. సగం గుళ్లు ఒరిగిపోయాయి, గోడల మీద మొక్కలు మొలిచాయి. స్తంభాల మీద ఏనుగును తొక్కుతున్న సింహపు మొగం మనుషులు, సన్నటి నడుముల ఆడవాళ్లు ఉన్నారు. కొందరికి ముక్కు లేదు, కొందరికి చేయి లేదు. నల్లబల్ల మీద గీసిన బొమ్మకూ దీనికీ పోలికే లేదు. ఇంతకాలం ఏం చెప్పానా అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. సోమాచారి ప్రతి ముఖం దగ్గరా ఆగి, కనురెప్పల మీద వేలు పెట్టి చూశాడు. యాకయ్య మాత్రం ఒక స్తంభానికి ఆనుకుని నిద్రపోయాడు.

బయట పల్లె ఆడవాళ్లు తంగేడు, గునుగు పూలు కోసుకుని బుట్టల్లో తీసుకుపోతున్నారు. బతుకమ్మ పండుగ రోజులు. పూలను దేవుడి మీద వేయడం మాకు తెలుసు, పూలనే దేవతగా పేర్చి చుట్టూ చప్పట్లతో తిరగడం ఇక్కడే ఉంది. ఆ సాయంత్రం భూపాలపల్లిలో దిగేసరికి వీధి వీధినా ఆ పాటలే వినిపించాయి.

పాండవుల గుట్ట

తెల్లవారాక రేగొండ వైపు వెళ్లాం. నిట్టనిలువుగా చీలిన ఇసుకరాతి కొండలు అవి. పాండవులు తలదాచుకున్నారని చెప్తారు, అంతకు ఎంతో ముందే మనుషులు తలదాచుకున్నారని ఆ రాళ్ల మీద బొమ్మలు చెప్తాయి. వాలుబండ కింద ఎర్రరంగుతో వేసిన జంతువులు, గీతలు ఉన్నాయి. వానా ఎండా తగలని చోటు కాబట్టి మిగిలాయి. రంగు వెలిసిన ఒక దుప్పి ముందు సోమాచారి నిలబడిపోయాడు.

“కొమ్ములు ఎంత మంచిగ వేసిండ్రో సూడండ్రి. చూసినోడే వేసిండు ఇది. చూడంది వేస్తే గిట్ల రాదు,” అన్నాడు. గుట్ట దిగేటప్పుడు మూటను రెండు చేతులతో పట్టుకున్నాడు.

కొమురమ్మ ఊరు

ఆ ఊరి పేరు రాయను, ఆమె వద్దంది. మేం చేరేసరికి స్తూపం దగ్గర జనం మూగారు. సున్నం ఇంకా పూర్తిగా ఆరలేదు. మేం ముందు కొమురమ్మ ఇంటికి వెళ్లాం. వీధిలో ప్రతి గడప ముందూ పూలరెక్కలున్నాయి, ఆమె గడప ముందు లేవు. చావు జరిగి ఏడాది నిండని ఇంట్లో బతుకమ్మ పేర్చరు. పాడుకుంటూ పోయే ఆడవాళ్లు ఈ ఇంటి ముందుకు రాగానే పాట ఆపి నడుస్తారని యాకయ్య చెప్పాడు.

కొమురమ్మ సన్నటి, ఎత్తైన మనిషి. ముఖాన్ని ఒళ్లోకి తీసుకుని, ముందు చూడలేదు, వేళ్లతో తడిమింది. ముక్కు తడిమింది, పెదవి తడిమింది. “గిదే” అంది. నుదుటి దగ్గర ఆగింది.

“బిందెకు సొట్ట ఉండె. వీడు చిన్నగున్నప్పుడు బాయి కాడ పడేసిండు. ఏది?”

“తీసిన అవ్వా. ముఖం మీద సొట్ట ఉంటె బాగుండదని సాపు జేసిన,” అన్నాడు సోమాచారి.

ఆమె తల ఊపింది. అప్పుడు నన్ను చూసి, నాది ఏ ఊరని అడిగింది. ఆ ఇంట్లో నిలబడి ఆ మాట చెప్పడం రోడ్డు మీద చెప్పినంత తేలిక కాలేదు. తెనాలి పక్కన అన్నాను. గుమ్మంలో నిలబడ్డ కమిటీ కుర్రాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. కొమురమ్మ నా కాళ్ల వైపు, ఆ పెద్ద రబ్బరు చెప్పుల వైపు చూసింది.

“అంత దూరం నుంచి వచ్చినవా బిడ్డా? కూసో. చాయ్ పోస్త.”

అందరం స్తూపం దగ్గరికి వెళ్లాం. ముఖాన్ని దాని చోట నిలిపి బిగించారు. సోమాచారి ఎదురుగా అద్దం పెట్టించి, జనాన్ని రెండు పక్కలకూ జరిపాడు. ఉలి తీసుకుని పక్కకు కూర్చున్నాడు. “పెద్దగ పెట్టు తాతా, భయమయ్యేటట్టు,” అన్నాడు ఒక కుర్రాడు. అప్పుడు కొమురమ్మ ముందుకొచ్చి, అద్దం తీసి పక్కన పెట్టి, అది ఉన్న చోట తను నిలబడింది.

“అవ్వా, పక్కకు జరుగు. తొలిచూపు మనిషి మీద పడొద్దు,” అన్నాడు సోమాచారి కంగారుగా.

“దేవుని చూపయితే పడొద్దు. నా కొడుకు చూపు పడితే నాకేమయితది? పుట్టినప్పుడు గూడ వాడు నన్నే చూసిండు.”

“మరి ఎట్లుండెనో చెప్పు అవ్వా. నేను వాని కండ్లు చూడలే.”

ఆమె మెల్లగా చెప్పింది. “వాని ఎడమ కన్ను జర మెల్ల. బయిటికి పోతది. బడిల పోరగాండ్లు నవ్విండ్రని, ఫొటో అంటే చాలు కండ్లు మూసుకునేటోడు.”

జనంలో గుసగుస లేచింది. ఫొటోల్లో ఆ మూసిన కళ్లన్నీ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. కమిటీ కుర్రాడు దగ్గరికొచ్చాడు, అతని కళ్లూ తడిగానే ఉన్నాయి. “పెద్దమ్మా, మెల్లకన్ను పెడితే బాగుంటదా? ఊర్లు ఊర్లు వచ్చి చూస్తయి. అమరుడు గద.”

“అమరుడో ఏమో నాకెరుక లేదు. సచ్చి ఏం సాధిస్తవురా, బతికుండి కొట్లాడాలె గని, అని వాన్ని అడుగుదునంటే వాడు లేడాయె. నాకు సంపత్ కావాలె.” సోమాచారి వైపు తిరిగింది. “బిందెకున్న సొట్ట తీసేసినవు. గిది గూడ తియ్యకు నాయినా.”

కుర్రాడు తల వంచుకుని వెనక్కి జరిగాడు. సోమాచారి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. కుడి కన్ను ముందు చెక్కాడు. తర్వాత ఉలిని ఎడమ కంటి మీద పెట్టి, నడిమికి కాకుండా కొంచెం బయటికి జరిపి, ఒక్క దెబ్బ కొట్టాడు.

కొమురమ్మ చూసింది. చాలాసేపు చూసింది. “వచ్చినవా కొడుకా,” అని పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఊరంతా ఏడ్చింది. యాకయ్య ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

జనం దగ్గరికి చేరేసరికి నేను ఆమె వెనక, కాస్త కుడిపక్కకు నిలబడి ఉన్నాను. తలెత్తి చూస్తే అతని కుడి కన్ను తల్లిని చూస్తోంది, ఎడమ కన్ను తిన్నగా నన్ను చూస్తోంది. అంతమందిలో ఆ చూపు నా మీద పడటం భరించలేక ఒక అడుగు పక్కకు వేశాను. కొమురమ్మ వెనక్కి తిరక్కుండానే నా చెయ్యి పట్టుకుంది.

“ఎటు పోతవు బిడ్డా? నిలబడు. వాడు ఎవలనూ ఏమనెటోడు గాదు.”

నిలబడ్డాను.